గ్లోస్టర్‌షైర్ బ్యాడ్జర్ల మాటు: గైడు కోసమైనా వెళ్లాలి

ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్ కౌంటీలో (జిల్లా లాంటిది) మాటు గుడిసెలో కూర్చోబెట్టి బ్యాడ్జర్లను, అంటే బొరియల్లో ఉండే చారల ముఖపు అడవి జంతువులను, చూపిస్తారు. టికెట్ ధర ఎక్కువే, అయినా వెళ్లండి. మసకచీకట్లో ఆ చారల ముఖాలు గుడిసె కిటికీ దాకా వచ్చాయి. అంతకన్నా విలువైనవి గైడు మాటలు. ఇదే కౌంటీలోని వుడ్‌చెస్టర్ పార్కులో 1970ల నుంచి బ్యాడ్జర్లను పట్టి, తూచి, వదిలిపెడుతున్నారు. అక్కడ సంఖ్య పెరిగిన కొద్దీ సగటు బరువు తగ్గింది. వాటి ముఖ్య ఆహారం వానపాములు. నోళ్లు పెరిగినా మేత నేల పెరగదు కదా! శీతాకాలానికి ముందు కొవ్వు పట్టని ఆడ బ్యాడ్జర్‌కు గర్భం నిలవడం కష్టమట. వింటుంటే మనసు చివుక్కుమంది.

నా అభ్యంతరం ఒక్కటే: గుడిసె ముందు వేరుసెనగలు చల్లుతారు. అలా వచ్చిన బొద్దుతనం అడవి పరిస్థితిని చూపదు. అది మానేసి, తడి పచ్చికలో వానపాములు ఏరుకునే బ్యాడ్జర్లను చూపించండి. వాన వెలిసిన రాత్రికే బుక్ చేసుకోండి.