ఆగి ఉన్న మోటార్‌హోమ్ బ్యాటరీకి ఏ సోలార్ కంట్రోలర్? విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 75/15 వాడి చూశాక

మోటార్‌హోమ్ తిరుగుతున్నన్నాళ్లూ బ్యాటరీ గురించి బెంగ ఉండదు, ఆల్టర్నేటర్ చూసుకుంటుంది. టెన్షన్ అంతా బండి నెలల తరబడి కదలకుండా ఉన్నప్పుడే. అన్ని స్విచ్‌లూ ఆపేసి తాళం వేసినా అలారం, ట్రాకర్, గ్యాస్ సెన్సర్ లాంటివి కరెంటు తాగుతూనే ఉంటాయి. ఇవన్నీ కలిసి 100 మిల్లీఆంపియర్లు లాగాయనుకోండి, రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు పోయినట్టే. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు వారాల్లో సగానికి వచ్చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని అలా సగం ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత సత్తువ తిరిగి రాదు.

అందుకే నా బండి పైన 100 వాట్ల ప్యానెల్, లోపల విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ ఎంపీపీటీ 75/15 కంట్రోలర్ పెట్టించుకున్నాను. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది కంట్రోలర్. ఎంపీపీటీ అంటే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టే రకం. నేను చెప్పదలచుకున్నది కంట్రోలర్ గురించే. ఆగి ఉన్న బండికి బోలెడు కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ నిండాక ఎలా నడుచుకోవాలో తెలిసిన పరికరం కావాలి.

పేరులోని 75 అంటే ప్యానెల్ వైపు నుంచి తట్టుకోగల గరిష్ఠ వోల్టులు, 15 అంటే బ్యాటరీకి ఇవ్వగల గరిష్ఠ ఆంపియర్లు. 12 వోల్టుల సిస్టమ్‌లో 220 వాట్ల దాకా వాడుకోగలదు కాబట్టి రేపు ఇంకో ప్యానెల్ కలిపినా ఇదే సరిపోతుంది.

నాకు దీంట్లో బాగా నచ్చింది దాని పొద్దుటి లెక్క. వెలుతురు వచ్చి చార్జింగ్ మొదలయ్యే ముందు బ్యాటరీ వోల్టేజ్ ఎంతుందో చూసుకుంటుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం 11.9 కంటే తక్కువుంటే ఆ రోజు 14.4 వోల్టుల దగ్గర 6 గంటల దాకా పట్టి ఉంచుతుంది. 12.6 దాటి ఉంటే గంటతో సరిపెట్టి, 13.8 వోల్టుల ఫ్లోట్‌కి (నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజ్) దిగిపోతుంది. అంటే నిండుగా ఉన్న బ్యాటరీని రోజూ గంటల తరబడి ఉడికించదు. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి ఇంతకంటే ముఖ్యమైన గుణం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఒక్కటి గుర్తుంచుకోండి: తెల్లవారేసరికి ఫ్రిజ్ లాంటి బరువైన లోడ్ నడుస్తుంటే వోల్టేజ్ కిందకి జారి, బ్యాటరీ ఖాళీగా ఉందని అది పొరబడుతుంది.

ఎండాకాలంలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇంతకు ముందు వాడిన వేరే కంట్రోలర్‌కి చలైనా వేడైనా ఒకటే వోల్టేజ్. బ్యాటరీలో నీళ్లు ఇట్టే తగ్గిపోయేవి, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాల్సి వచ్చేది. ఇది 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 16 మిల్లీవోల్టుల చొప్పున వోల్టేజ్ తగ్గిస్తుంది. 45 డిగ్రీల దగ్గర అది దాదాపు 0.3 వోల్టు. కాకపోతే కొలిచేది కంట్రోలర్ లోపలి వేడిని. అందుకని బ్యాటరీ ఉన్న అరలోనే బిగించడం మంచిది. లేదా బ్యాటరీ దగ్గరే వేడిని కొలిచి బ్లూటూత్‌లో పంపే సెన్సర్ విడిగా కొనుక్కోవాలి.

బ్లూటూత్ లోపలే ఉంది. బండి తలుపు తీయకుండా, పక్కన నిలబడి ఫోన్‌లో చూసుకోవచ్చు. 30 రోజుల చరిత్ర కూడా కనిపిస్తుంది. ఏ రోజు ఎంత వచ్చింది, బ్యాటరీ ఎంత కిందకి దిగింది అని. ఊరెళ్లి వచ్చాక నేను ముందు చూసేది రోజువారీ కనిష్ఠ వోల్టేజ్ గీత. అది చదునుగా ఉంటే మనసు కుదుటపడుతుంది.

కొత్తగా పెట్టించుకున్నవాళ్లు తరచూ కంగారుపడే విషయం ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే యాప్‌లో 4 వాట్లు చూపిస్తుంది. ప్యానెల్ పాడైపోలేదు, బ్యాటరీ నిండింది, అంతే. అనుమానంగా ఉంటే లోపల దీపాలు, ఫ్యాను వేసి చూడండి. క్షణాల్లో అంకె పైకి లేస్తుంది. అలా లేవకపోతే పైకెక్కి చూడాలి. ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, నీటి గొట్టాన్ని ఒక్కచోట నొక్కినట్టు, ఒక్క కొమ్మ నీడ పడినా మొత్తం ప్రవాహం పడిపోతుంది. నీడ లేకుంటే దుమ్ము. పైకప్పు మీద చదునుగా పడుకున్న ప్యానెల్ మీద వాననీళ్లు ఆరి, అంచుల వెంట మట్టి గీతలు కడతాయి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఎంపీపీటీ అవసరమా, మామూలు పీడబ్ల్యూఎం (సాదా రకం కంట్రోలర్) చాలదా అంటారా? కేవలం నిలిపి ఉంచడానికైతే మంచి పీడబ్ల్యూఎం కూడా చాలు. బండిలోనే ఉండి కరెంటు వాడుకునేవాళ్లకి మాత్రం ఎంపీపీటీ తేడా చూపిస్తుంది. లిథియం బ్యాటరీ ఉంటే యాప్‌లో ఆ రకం ఎంచుకోవడం మరవద్దు. సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు కాబట్టి చలి ప్రాంతాల్లో తగ్గ రక్షణ ఉందో లేదో ముందే చూసుకోండి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాల్సిందే.

దీనికున్న పెద్ద పరిమితి, ఇది ఒక్క బ్యాటరీనే, అంటే లోపలి దీపాలు, ఫ్యాను నడిపే బ్యాటరీనే చార్జ్ చేస్తుంది. ఇంజిన్ బ్యాటరీకి ఏమీ అందదు. నిజానికి అలారం, ట్రాకర్ చాలా బండ్లలో దాని మీదే నడుస్తాయి. లోపలి బ్యాటరీ నిండాక మిగులును ఇంజిన్ బ్యాటరీకి మళ్లించే చిన్న పరికరం విడిగా పెట్టించుకోవాలి, లేదా రెండు అవుట్‌పుట్‌లున్న కంట్రోలర్ ఎంచుకోవాలి. బండిని ఏడాదిలో ఎక్కువ భాగం నిలిపే ఉంచేవాళ్లకి నేను రెండోదే చెబుతాను.

ఇక రేకుల షెడ్డులోనో చెట్ల కిందో ఆపేవాళ్లకి ఇదేదీ పనికిరాదు. దగ్గర్లో ప్లగ్ ఉంటే, నిండాక ఫ్లోట్‌కి దిగే మంచి మెయిన్స్ చార్జర్ ఒకటి కొనుక్కోండి.