నాలుగేళ్లుగా వాడుతున్న ఏఓ మాడ్యులేటర్

తిరుపతిలో మా ల్యాబ్‌కి ఈ అకౌస్టో-ఆప్టిక్ (ఏఓ) మాడ్యులేటర్, అంటే ధ్వనితో లేజర్ కాంతిని వంచే పరికరం, వచ్చి నాలుగేళ్లు దాటింది. అరచేతిలో పట్టే డబ్బా. లోపల టెల్యూరియం డయాక్సైడ్ స్ఫటికం, దాని ఒక పక్కకు అతికించిన పీజో పలక. డ్రైవర్ నుంచి 80 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే ఆ పలక సెకనుకు 8 కోట్ల సార్లు కంపించి స్ఫటికంలోకి ధ్వనిని పంపుతుంది. ఆ ధ్వని సెకనుకు దాదాపు 4,200 మీటర్ల వేగంతో పోతూ, ఒత్తుకున్న చోట ఒకలా, సడలిన చోట ఒకలా వక్రీభవన గుణకాన్ని (స్ఫటికం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెను) మారుస్తుంది. 52 మైక్రాన్లకో గీత ఉన్న గ్రేటింగ్, అంటే కాంతిని వంచే సన్నటి గీతల వరస, తయారైనట్టే. ఆ గీతలే లేజర్‌ను పక్కకు వంచుతాయి.

బిగించిన రోజు గోడ మీద హీలియం-నియాన్ ఎర్ర చుక్క ఒక్కటే కనబడింది. స్క్రూ వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాను. పక్కనే ఇంకో చుక్క మసగ్గా మొదలైంది. అది వెలిగేకొద్దీ అసలు చుక్క వెలవెలబోయింది. మీటరు దూరంలో రెండింటికీ 12 మిల్లీమీటర్ల ఎడం. డ్రైవర్ ఆపితే కొత్త చుక్క మాయం!

1935లో బెంగళూరులో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ రాసిన సిద్ధాంతంలో ఇటూ అటూ బోలెడు చుక్కలు వస్తాయి. ఇక్కడ ఒక్కటే బలంగా వస్తుంది. కాంతి దాటాల్సిన ధ్వని దారి వెడల్పుగా ఉండటం వల్ల, బ్రాగ్ కోణం అనే ఒక్క కోణం దగ్గరే వంగిన కాంతి అలలు ఒకదానికొకటి బలమిస్తాయి. ఆ కోణం డిగ్రీలో మూడో వంతే, అందుకే ఓపిక కావాలి.

మాకు బాగా పనికొచ్చింది ఫ్రీక్వెన్సీ మార్పు. వంగిన కాంతి సరిగ్గా 80 మెగాహెర్ట్జ్ పెరిగి వస్తుంది. దాన్ని మామూలు కిరణంతో కలిపి, వస్తువుల సన్నటి కంపనాలు కొలుస్తున్నాం.

ఇబ్బంది ఎండాకాలంలోనే. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే వేడికి చుక్క ప్రకాశం నిలకడ తప్పుతుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే డ్రైవర్ ఆన్ చేసి అరగంట ఆగి కొలతలు మొదలుపెట్టాలి. మాడ్యులేటర్‌కి వెళ్లే కేబుల్ తీసి ఉన్నప్పుడు మాత్రం డ్రైవర్ ఆన్ చేయొద్దు, లోపలి ఆంప్లిఫయర్ దెబ్బతింటుంది. ఒకసారి నేను దుమ్మును పొడి దూదితో తుడిచాను. ఈ స్ఫటికం గాజు కంటే మెత్తన, అంచు దగ్గర గీత పడింది. ఇప్పటికీ ఆ వైపు కిరణం పోనివ్వను.

ఇంకోటి కావాలని అడిగాను. వస్తే వేడిని లాగేసేలా కింద దళసరి అల్యూమినియం పలక వేసి బిగిస్తాను.