చేత్తో తీయడమా, పడవతో లాగడమా?

ఇంగ్లండ్ తీరంలో సరదాకు మెటల్ డిటెక్టర్‌తో సముద్రంలోకి దిగేవాళ్లకు రెండు దారులు. డైవర్ మునిగి, ఇసుకలో దొరికిన చిన్న వస్తువును చేత్తో పైకి తెస్తే సాధారణంగా మెరైన్ లైసెన్స్ (సముద్రంలో చేసే పనులకు ప్రభుత్వ అనుమతి) అక్కర్లేదు. అదే పాత లంగరుకు తాడు కట్టి పడవ మీది వించ్‌తో (తాడు చుట్టి బరువులు లాగే యంత్రంతో) లాగాలంటే, 2009 నాటి సముద్ర, తీర ప్రాంత చట్టం ప్రకారం ముందే లైసెన్స్ తీసుకోవాలి. సరదాకైతే నా ఓటు మొదటిదానికే. ఆ కాగితాల టెన్షన్ ఎందుకు?

ఎలా తీసినా, అది ఓడ శిథిలాలదైతే 28 రోజుల్లోపు ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి తెలపాలి. చిలుమెక్కిన రాగి మేకే కదా అని జేబులో వేసుకుంటే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. ఇక 1973 నాటి ఓడ శిథిలాల రక్షణ చట్టం కింద రక్షణలో ఉన్న శిథిలాల దగ్గర అనుమతి లేకుండా డైవింగే కుదరదు, డిటెక్టర్ సంగతి సరేసరి.