అసిస్టివ్ టెక్నాలజీ ఏఐ మీద పీహెచ్‌డీ: బయటికి పోవాల్నా, ఇక్కడ్నే ఉండాల్నా? ఏది మేలు?

దసరాకు ఊరికి పోయినప్పటి సంది ఒకటే ప్రశ్న. "అన్నా, దివ్యాంగులకు పనికొచ్చే ఏఐ మీద పీహెచ్‌డీ చెయ్యాలనుంది, అమెరికా పోవాల్నా, ఇక్కడ్నే చెయ్యాల్నా?" నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి బీటెక్, ఎంటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు చాన మంది అడిగిన్రు. నేను పోయినేడు అమెరికా సీటు చేతిల ఉండంగ హైదరాబాద్‌ల చేరిన, అందుకే నన్నడుగుతున్నరు. ఒక్కొక్కరికి ఫోన్‌ల ముక్కలు ముక్కలుగ చెప్పుడు కంటే అంతా ఒక్కకాడ రాస్తున్న.

ముందుగాల పైసల సంగతి, ఎందుకంటే ఇంట్ల అడిగేది అదే. అమెరికాల పీహెచ్‌డీ అంటే ఎంఎస్ లెక్క అప్పు జేసి పోవుడు కాదు, మంచి డిపార్ట్‌మెంట్లల్ల ఫీజు వాళ్లే మాఫీ జేసి నెలకింత స్టైపెండ్ ఇస్తరు, బీటెక్ తోనే నేరుగ చేరొచ్చు, ఐదారేండ్లు పడుతది. యూకేల మూడు నాలుగేండ్లల్ల అయిపోతది గని బయటోళ్లకు ఫండింగ్ దొరుకుడు కష్టం. మనకాడ పీహెచ్‌డీ పిల్లలకు సర్కారిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేండ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ 42,000, దాని మీద హెచ్ఆర్ఏ (ఇంటి కిరాయి పైసలు). హాస్టల్‌ల ఉంటే సరిపోతది, ఇంటికి పంపాలంటే మాత్రం కష్టమే. పైగ ఆ పైసలు ప్రతి నెల టైముకు పడుతయని నమ్మకం లేదు, నా దోస్తు ఒకాయనకు నాలుగు నెలలు ఆగి ఒక్కసారి పడ్డయ్, ఆ నాలుగు నెలలు వాళ్ల నాయిన మళ్ల వడ్డీకి తెచ్చిండు. పైసలే లెక్క అయితే అమెరికానే మేలు, దాంట్ల అనుమానం లేదు.

చదువు దిక్కు చూసినా బయటోళ్లు మనకంటే ముందున్నరు. సియాటిల్‌ల వాషింగ్టన్ యూనివర్సిటీల 2020ల క్రియేట్ అని యాక్సెసిబిలిటీ (టెక్నాలజీ దివ్యాంగులకు కూడ అందేటట్టు జేసుడు) కోసమే ఒక సెంటర్ పెట్టిన్రు, లండన్ యూసీఎల్‌ల గ్లోబల్ డిజెబిలిటీ ఇన్నోవేషన్ హబ్ ఉంది. అక్కడ వైకల్యం ఉన్నోళ్లే రీసెర్చర్లు, ప్రొఫెసర్లు అయ్యి పేపర్లు రాస్తున్నరు, స్టడీల కూసున్నోళ్లకు టైముకు తగ్గ పైసలిస్తరు. అసెట్స్ అని ఈ ఒక్క సబ్జెక్టు మీదనే ఏటా కాన్ఫరెన్స్ ఉంటది, అక్కడి ల్యాబుల పిల్లలకు అది ఇంటి పండుగ లెక్క. మనకాడ చాన డిపార్ట్‌మెంట్లల్ల ఇంకా "యూజర్ స్టడీ" (వాడేటోళ్లు ఎట్ల వాడుతున్నరో చూసుడు) అంటే "అది సోషల్ వర్క్ కద, యాక్యురసీ ఎంతొచ్చిందో చెప్పు" అనే గైడ్లే ఎక్కువ. ఈ మాట నేనే విన్న, చాన బాధయింది.

ఇంత రాసినంక మరి నువ్వెందుకు ఆగినవ్ అంటరు. ఆ జవాబు మా పెద్దమ్మ ఇంట్ల ఉంది.

మా పెద్దమ్మోళ్లది మర్రిగూడ దిక్కు. నీటికాసుల తోటి రెండు కండ్లు పోయినయ్. చిన్నప్పటి సంది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన శరీరం, మెడ తిరగది, మోచేతులు సగం వరకే సాగుతయ్. ఇప్పుడు భగీరథ నీళ్లొస్తున్నయ్ గని అప్పటికే వంగిన ఎముకలు సాపు కావు కద. ఎంటెక్‌ల ఉన్నప్పుడు నేను ఫోన్ కెమెరా తోటి గోలీల షీటు మీద పేరు సదివి తెలుగుల చెప్పే యాప్ జేసి, సంబురంగ తీస్కపోయి ఆమె చేతిల పెట్టిన. యాప్ "ఫోన్‌ను కొంచెం దూరంగా పట్టుకోండి" అన్నది. పెద్దమ్మ పట్టింది. మళ్ల అదే మాట. మళ్ల పట్టింది. ఆ చెయ్యి అంతకంటే సాగది. ఫొటోల షీటు మీది అల్యూమినియం మెరుపు తప్ప ఏం రాలే. "ఏమంటున్నది బిడ్డా, నా చెయ్యి గంతే" అన్నది.

తిరిగొచ్చి నేనేం జేసిన? మోడల్ మంచిగ లేదనుకొని ఇంకిన్ని ఫొటోలేసి మళ్ల ట్రైన్ జేసిన. రెండోసారి కూడ అదే కథ. మూడోసారి పోయినప్పుడు రాత్రి అక్కడ్నే పండుకున్న, పొద్దుగాల చూస్తే పెద్దమ్మ స్టీలు డబ్బా మూత తీసి ఏ తడబాటు లేకుంట బీపీ గోలి తీసి ఏస్కున్నది. ఎట్ల గుర్తువడ్తవ్ అంటే చూపించింది: బీపీ షీటు మూలకు పండ్లతోటి కొరికి పెట్టుకున్నది, షుగర్ షీటుకు రబ్బరు బ్యాండు. పేరు సదివే అవసరమే ఆమెకు లేదు! ఆమెకు కష్టం ఎక్కడంటే, మెడికల్ షాపుల పది గోలీల షీటును కత్తిరించి ఐదిస్తరు, ఆ కత్తిరింపుల పేరు సగం పోతది, ఒక్కోసారి అదే మందు ఇంకో కంపెనీది ఇస్తరు. అప్పుడు ఆమెకు కావాల్సిన జవాబు ఒక్కటే, "ఇది నిన్నటి గోలీయేనా, కాదా?"

నా పీహెచ్‌డీ అంతా ఇప్పుడు ఆ ప్రశ్న మీదనే నడుస్తున్నది. హ్యూమన్ సెంటర్డ్ ఏఐ (మనిషి అవసరం నుంచి మొదలువెట్టే ఏఐ) అని పుస్తకాలల్ల సదివింది నాకు అర్థమైంది ఆ పొద్దుగాలనే, అదీ మూడోసారి పోతేనే దొరికింది. అందుకే నా లెక్కల అసలు తేల్చాల్సింది ర్యాంకు కాదు, స్టైపెండ్ కాదు, ఏఐకి కావాల్సిన జీపీయూ చిప్పులు ఎన్నున్నయన్నది కాదు: మీరు ఎవరి కోసం చేస్తున్నరో వాళ్ల ఇంటికి ఐదేండ్లల్ల ఎన్నిసార్లు పోగలుగుతరు? హైదరాబాద్‌ల ఉంటే సాగర్ రోడ్డు బస్సెక్కి మాల్ అనే ఊరు దాటి లోపలికి మళ్లితే పొద్దుగాల బయల్దేరి పగటి అన్నానికి పెద్దమ్మ ఇంట్ల ఉంట. సియాటిల్ నుంచి ఏడాదికొకసారి, అదీ టికెట్టు దొరికితే. భాష సంగతి కూడ చూడుండ్రి, పెద్దమ్మ "గోలి" అంటే ఫోన్ "గోల" అని రాస్కుంటది, "యాడున్నది" అంటే ఇంకేందో అయితది. దీన్ని సరిజేసే గొంతులు మన దగ్గరనే రికార్డు కావాలె.

బయటి పని పనికిరాదని మాత్రం అనను. అంధులు తీసిన ఫొటోలు మసకగ, పక్కకు జరిగి, సగం తెగి ఉంటయని, మామూలు ఫొటోల మీద నేర్చిన మోడళ్లు అక్కడ తప్పుతయని అందరికి చూపించింది విజ్‌విజ్ డేటాసెట్టే, ఆ ఫొటోల మీద వాళ్లే అడిగిన 31,000కు పైగ ప్రశ్నలున్నయ్ దాంట్ల. యూజరే తన వస్తువులను ఫోన్‌కు నేర్పిచ్చుకునే పద్ధతి మీద మేరీల్యాండ్ యూనివర్సిటీల చేసిన పని సదవకపోతే నాకు ఈ దారే దొరకకపోవు. మీ ప్రశ్న స్క్రీన్ మీదిది సదివి ఇనిపించే ఇంగ్లిష్ స్క్రీన్ రీడర్ల మీదనో, అన్ని దేశాలకు ఒక్క తీరుగ ఉండే సమస్య మీదనో అయితే కండ్లు మూసుకొని బయటికే పోండ్రి.

ఇక్కడ చేసేటట్టయితే ఐఐటీ ఢిల్లీల అసిస్‌టెక్ ల్యాబ్ చూడుండ్రి. మామూలు తెల్లకర్ర మోకాలు కింద ఉన్నదే పసిగడ్తది, వాళ్ల స్మార్ట్‌కేన్ మోకాలు నుంచి తలకాయ దాక అడ్డొచ్చేవి చెప్తది, 2014ల బయటికొచ్చింది. ఐఐటీ మద్రాస్‌ల ఆర్2డీ2 సెంటర్ వీల్‌చైర్లు, కృత్రిమ కాళ్ల దిక్కు గట్టిది, భారతీయ భాషల ఏఐకి అక్కడ్నే ఏఐ4భారత్ ఉంది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్ తెలుగు స్పీచ్, భాష పనికి మంచిది, ట్రిపుల్ఐటీ బెంగళూరుల యాక్సెసిబిలిటీ సెంటరుంది. ఏడ చేరినా గైడుతోటి మొదటి మీటింగుల ఒక్క మాట అడగుండ్రి, "సార్, మీ పోయిన పేపర్ల యూజర్లను ఎన్నిసార్లు కలిసిన్రు?" అని. ఒక్కసారి, క్యాంపస్‌ల కండ్లకు గంతలు కట్టిన స్టూడెంట్ల తోటి అన్నరంటే ఇంకో గైడును చూస్కోండ్రి.

ఉద్యోగం చేస్కుంట పార్ట్‌టైం అంటే ఈ సబ్జెక్టుకు నేను వద్దంట, ఆదివారం ఒక్కటే మిగులుతది, అది ఇంటికే సాలది. మన నల్లగొండ ఎంజీయూ (మహాత్మాగాంధీ యూనివర్సిటీ), పాలమూరు యూనివర్సిటీలల్ల ఈ సబ్జెక్టు గైడ్లు దొరికితే ఊరికి ఇంకా దగ్గర, ముందు కనుక్కోండ్రి.

అమెరికా అప్లికేషన్లకు ఎక్కువ భాగం డిసెంబర్‌ల గడువు, ఐఐటీలు ఏడాదికి రెండుసార్లు తీస్కుంటయ్. ఏ దిక్కు పోయినా స్టేట్‌మెంట్ (ఈ పీహెచ్‌డీ ఎందుకు చేస్తనంటున్నరో అప్లికేషన్ల చెప్పే వ్యాసం) రాసే ముందు మీ ఊర్ల ఒకరింట్ల ఒక రాత్రి ఉండి పొద్దుగాల దాక చూసి రాండ్రి. నా స్టేట్‌మెంట్ల మొదటి పేరా పండ్లతోటి కొరికిన ఆ షీటు మూలే, అమెరికా ప్రొఫెసర్ కూడ ఇంటర్వ్యూల అడిగింది దాని గురించే.