'ఎ సైలెంట్ వాయిస్': మాంగా చదవాలా, సినిమా చూడాలా?

చెవులు వినపడని షోకోను ఆరో తరగతిలో ఏడిపించిన షోయా, హైస్కూల్‌కొచ్చాక సైగల భాష నేర్చుకుని ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు. యోషితోకి ఓయిమా గీసిన మాంగా (జపనీస్ కామిక్) 7 సంపుటాలు. క్యోటో యానిమేషన్ వాళ్ల 2016 సినిమా రెండు గంటల పైచిలుకు.

టైమ్ లేకపోతే సినిమాకే వెళ్లండి, తప్పేం లేదు. షోకో తన మనసులో మాట సైగలతో కాకుండా గొంతుతోనే చెప్పాలనుకునే సీన్ ఒకటుంది. ఆమె 'సుకి' (ఇష్టం) అంటే షోయాకు 'త్సుకి' (చందమామ) అని వినిపిస్తుంది. పాపం, ఆకాశంలోకి చూస్తాడు! కాగితం మీద అది అక్షరాల తికమక. తెర మీద ఆ తడబడే గొంతు మన చెవిన పడుతుంది. ఇక్కడ మాత్రం సినిమాదే పైచేయి.

మిగతా అంతా నా ఓటు మాంగాకే. షోకో వైపు నుంచి సాగే ఒక అధ్యాయంలో ఎదుటివాళ్ల మాటలు బుడగల్లో సగం చెరిగిపోయి ఉంటాయి. నేను పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మరీ చదవబోయాను. ఆమెకు రోజూ ఇదే పని కదా అని అప్పుడు తట్టింది. పైగా, స్నేహితులంతా కలిసి సినిమా తీసే ఉపకథను తెర మీదికి దాదాపు తేలేదు. అది లేక సహారా, మషిబా లాంటివాళ్లు చుట్టపుచూపుగా వచ్చిపోయినట్టు అనిపిస్తారు.

ముగింపులూ వేరే. సినిమా స్కూల్ ఉత్సవం దగ్గర ఆగిపోతుంది, మాంగా వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా వెంట నడుస్తుంది.