బెర్గెన్‌లో నాలుగు రోజులు, ఒక గొడుగు

నార్వే వెళ్తున్నామంటే అందరూ ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) క్రూజ్ మిస్ కావద్దన్నారు. బెర్గెన్ చేరిన రెండో రోజే మోస్ట్రౌమెన్ అనే ఇరుకైన జలసంధి దాకా వెళ్ళొచ్చే పడవ ఎక్కాం. మూడున్నర గంటలు. బాగుంది, కాదనను. కానీ వానకి సగం దారి లోపలే కూర్చుని అద్దం తుడుచుకుంటూ చూశాం. ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడే ఊరు మరి. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న గొడుగు మొదటి గాలికే తిరగబడింది. గొడుగు వద్దు, రెయిన్‌కోటు పెట్టుకోండి.

మాకు బాగా నచ్చింది ఫ్లోయెన్ కొండ. పైనుంచి ఊరు చూసే చోటు ఎత్తు 320 మీటర్లే. 1918 నుంచి నడుస్తున్న కొండరైలు ఊరి మధ్యలోనే ఎక్కొచ్చు, కొద్ది నిమిషాల్లో పైన దింపుతుంది. పైకి మాత్రమే టికెట్టు కొనండి, దిగేటప్పుడు అడవిలో నడిచి రావచ్చు. పైన స్టేషన్‌కి దగ్గర్లోనే స్కోమాకెర్‌దికెట్ అని చిన్న చెరువుంది. వేసవిలో అక్కడ కనూ పడవలు డబ్బులు తీసుకోకుండా ఇస్తారు. ఆయన ఎడమవైపు, నేను కుడివైపు తెడ్డు వేస్తుంటే పడవ గిరగిరా తిరిగిందే గానీ కదల్లేదు. ఒడ్డున ఒక పిల్లాడు చేత్తో ఎలా వేయాలో చూపించాడు. తిరిగొచ్చేసరికి బెంచీ మీద పెట్టిన చేగోడీల సంచీని మేకొకటి వాసన చూస్తోంది! ఆ కొండ మీద మేకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

ఉల్రికెన్ కొండ 643 మీటర్లు, కేబుల్ కారులో వెళ్ళొచ్చు. ఆకాశం తేటగా ఉన్నరోజే వెళ్ళండి. మాకు పైన మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. అక్కణ్ణుంచి కొండల మీదుగా ఫ్లోయెన్‌కి నడిచే దారి ఉంది, ఐదారు గంటలు పడుతుందట. మా మోకాళ్ళు ఒప్పుకోలేదు. చేపల మార్కెట్టు చూడ్డానికి సరదాగా ఉంటుంది, తినాలంటే జేబు తడుముకోవాలి. రేవు ఒడ్డున బ్రిగ్గెన్ అనే పాత పేటలోని చెక్క ఇళ్ళు మాత్రం రాత్రి పదింటికి చూడండి, జూన్‌లో అప్పటికీ వెలుతురే, జనం పలచబడతారు.

బస మాత్రం హోటల్ కాకుండా, ట్రామ్ దారిలో వంటగది ఉన్న గది తీసుకున్నాం. విమానాశ్రయం నుంచి ట్రామ్ నేరుగా వస్తుంది, ముప్పావుగంట. అద్దె తక్కువ, అన్నం వండుకోవచ్చు. ఆదివారం దిగితే మాత్రం చాలా సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, మొదటి పూట మాకు మరమరాలే దిక్కయ్యాయి. వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదని ఇంటావిడ చెప్పలేదు. పప్పుకి పోపు వేయగానే స్మోక్ అలారం మోగింది. కిటికీలన్నీ తెరిచి, ఆ విరిగిన గొడుగుతోనే పొగ విసిరాం.