ఐస్‌క్రీం గట్టిగానే ఉంది, పాలు మాత్రం విరిగిపోయాయి

2013 వేసవిలో విజయనగరం గంటస్తంభం దగ్గరి దుకాణంలో ఈ ఫ్రిజ్ కొన్నాం. రెండు తలుపులు, 260 లీటర్లు, మంచు పేరుకోని రకం. ఆరుగురం ఉండే ఇంట్లో అది రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కలేదు. అయినా కంప్రెసర్ ఇప్పటికీ మొదట వచ్చినదే. ఇన్నేళ్లు వాడాక మంచీ చెడూ రెండూ చెప్పగలను. కానీ ముందు చెప్పాల్సింది రెండేళ్ల కిందట అది చల్లబరచడం మానేసినప్పటి సంగతి. ఆ జబ్బు ఈ రకం ఫ్రిజ్‌లలో తరచూ వచ్చేదే. దానికి, చల్లబరిచే గ్యాసు అయిపోయిందని చెప్పి డబ్బు తీసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ముందురోజు తొలేళ్ల నాటికే బొబ్బిలి నుంచి మా అప్ప, బావగారు, పిల్లలు దిగారు. మర్నాడు తెల్లవారుజామున కాఫీకి పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి. పెరుగు నోట పెట్టలేనంత పులిసింది. పైఅరలో పిల్లల కోసం దాచిన ఐస్‌క్రీం మాత్రం చెంచా దిగనంత గట్టిగా ఉంది. కింది అరలో చెయ్యి పెడితే బయటి గాలికీ లోపలి గాలికీ తేడా తెలియలేదు. లైటు వెలుగుతోంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది.

వచ్చిన మెకానిక్ ఫ్రిజ్ వెనక్కి వెళ్లి కంప్రెసర్ మీద చెయ్యి వేసి చూసి, "గ్యాసు అయిపోయిందమ్మా, రెండు వేల ఎనిమిది వందలు అవుతుంది" అన్నాడు. ఒక్క మర కూడా విప్పలేదు. "గ్యాసు లేకపోతే పైన ఐస్‌క్రీం ఎలా గడ్డకట్టింది బాబూ?" అని మా అత్తగారు అడిగారు. అంతకన్నా సరైన ప్రశ్న లేదని నాకు తరవాత తెలిసింది. అతను ఏదో గొణిగాడు. పండగ పనుల్లో ఉన్నాం, మళ్లీ పిలుస్తామని పంపించేశాం.

చుట్టాలు వెళ్లాక ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఒక రోజంతా వదిలేశాను. కింద పాత దుప్పటి పరిస్తే అది తడిసి ముద్దయింది. తిరిగి పెట్టాక తొమ్మిది రోజులు కొత్తదానిలా పనిచేసింది. పదో రోజుకు మళ్లీ అదే కథ. గ్యాసు వంటగ్యాసు సిలిండరులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో కారితే తప్ప తగ్గదు. కారిపోయిన గ్యాసు ఒక రోజు విశ్రాంతి ఇస్తే తిరిగి రాదు కదా! అందుకే ఈసారి దాసన్నపేట నుంచి ఒక పెద్దాయనను పిలిచాం.

ఆయన పైఅర ఖాళీ చేయించి వెనుక పలక మరలు విప్పారు. పలక కదల్లేదు, మంచుకు అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్లలో తువ్వాలు ముంచి అద్దుతూ పావుగంట కూర్చున్నారు. పలక ఊడాక చూస్తే కాయిల్ అనే గొట్టాల చుట్ట ఎక్కడా కనపడలేదు, తెల్లటి మంచుగోడ తప్ప. "చూడమ్మా, ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా పట్టింది. గ్యాసు తక్కువైతే మొదట్లో కాస్త పట్టి మిగతాదంతా బోడిగా ఉండేది" అన్నారు.

ఈ రకంలో చలి పుట్టేది ఆ కాయిల్ దగ్గరే. చిన్న ఫ్యాను అక్కడి గాలిని పైఅరలోకీ, ఒక దారి గుండా కిందికీ తోస్తుంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికి దూరే తేమ కాయిల్ మీద మంచవుతుంది. దాన్ని కరిగించడానికి కింద హీటర్ ఉంటుంది. మా దానిలో కంప్రెసర్ ఎనిమిది, పది గంటలు తిరిగాక టైమర్ దాన్ని ఆపి హీటర్‌కు కరెంటు ఇస్తుంది. మంచు కరిగి కాయిల్ కాస్త వేడెక్కగానే బైమెటల్ అనే చిన్న స్విచ్చి కరెంటు తెంచుతుంది. వీటిలో ఏది పాడైనా మంచు పేరుకుపోయి గాలికి దారి మూసుకుంటుంది. పైఅర ఆ గడ్డ పక్కనే ఉంటుంది కనుక చల్లగానే ఉంటుంది, కింది అరకు చల్లగాలి అందదు.

కరెంటు దారి కలిసి ఉంటే కుయ్యిమనే మీటరు పెడితే హీటర్ బాగానే ఉంది. బైమెటల్ మంచులో కూరుకుపోయి ఉన్నా మీటరు పలకలేదు. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, ఉబ్బి పగులు వచ్చింది. ఆయన కొత్తదాన్ని బిగించే ముందు నాకు చూపించాలని గ్లాసులో ఐసు ముక్కలూ రాళ్ల ఉప్పూ అడిగారు. ఉప్పు ఎందుకంటే, సున్నా కన్నా బాగా కిందికి దిగితేనే ఆ స్విచ్చి కలిసి కరెంటుకు దారి ఇస్తుందట. కొద్దిసేపటికి మీటరు కుయ్యిమంది. గ్లాసులోంచి తీసి అరచేతిలో పెట్టుకుంటే టక్‌మని విడిపోయింది. పాతదాన్ని ఎంతసేపు ఉంచినా ఉలుకూ పలుకూ లేదు. వస్తువుకు మూడు వందల యాభై, పనికి నాలుగు వందలు తీసుకున్నారు. ఆ రోజు నుంచి నేటి వరకు పాలు విరగలేదు.

మంచు కనిపించగానే చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో పొడవకండి. మా పక్కింటి పిన్నిగారు అలా పొడిస్తే అల్యూమినియం గొట్టానికి చిల్లు పడి, ఉన్న గ్యాసు కాస్తా పోయింది. పైగా ఇప్పుడు వచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉండే ఆర్‌-600ఏ గ్యాసుకు మంట అంటుకుంటుంది.

ఇక మిగతా సంగతులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగి వచ్చినప్పుడు ఓల్టేజి పడుతూ లేస్తూ ఉండి, కంప్రెసర్‌ను మొదలుపెట్టించే రిలే కాలిపోయింది. అప్పటి నుంచి స్టెబిలైజర్ లేకుండా నడపలేదు. ఏడో ఏట కింది తలుపు రబ్బరు సడలింది. పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగితే అడ్డు లేకుండా వచ్చేసేది. రబ్బరు మార్చాక కంప్రెసర్ మళ్లీ మధ్యమధ్య ఆగడం మొదలుపెట్టింది. కూరగాయల డబ్బా మాత్రం నాసిరకం, రెండుసార్లు పగిలింది. గాలి వచ్చే రంధ్రాలు ఎక్కడున్నాయో తెలిపే గుర్తు కూడా ఫ్రిజ్‌లో లేదు. గోంగూర కట్టలు అడ్డం పెట్టి చాలాకాలం మేమే గాలి ఆపుకున్నాం.

చల్లదనం విషయంలో ఇప్పుడు నాకు ఫిర్యాదు లేదు. రాత్రి నడిమి అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటరు ఉంచితే ఉదయానికి నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. ఈ నెల నుంచి పైఅర ఫ్యాను సన్నగా కీచుమంటోంది. పెద్దాయనకు ఫోను చేశాను, ఆదివారం వస్తానన్నారు.